సాయంకాల దినపత్రికలో ‘దినం’ ఎందుకు?

ప్రశ్న: ‘సాయంకాల దినపత్రిక’ అన్న మాట ఒక పాత కాగితంలో చూసిన. దినం అంటే పగలే కదా, పొద్దుగూకంగ వచ్చేదాన్ని అట్లనొచ్చా? ‘సంధ్యాపత్రిక’ అంటే సరిపోయేది కదన్నా?

జవాబు: తమ్మీ, సంధ్యలు రెండు. తెల్లవారుజాముదీ సంధ్యే, ఏ పూట పేపరో మళ్ళీ అడగాల్సి వస్తుంది! దినపత్రికలో దినం ‘రోజుకోసారి’ అని మాత్రమే చెబుతుంది, పూట సంగతి చెప్పదు. మద్రాసు ‘హిందూ’ 1889లో దినపత్రిక అయింది, అప్పుడది సాయంత్రమే చేతికొచ్చేది. పొద్దున కోర్టులో జరిగింది, మధ్యాహ్నం దాకా వచ్చిన తంతి వార్తలు అచ్చేసి ఆఫీసులు విడిచే వేళకు అందించడమే సాయంకాల పత్రిక కిటుకు.

మన హైదరాబాద్ సిటీలో దినపత్రికకు ఉర్దూవాళ్ళ మాట రోజ్‌నామా. రోజ్ పారశీకం, మన ‘రోజు’ అక్కడిదే. వీలునామా, రాజీనామా, పంచనామాల్లోని నామాయే ఇదీ.

నన్నడిగితే అసలు తిరకాసు ‘ద్వైవార’తో. సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక 1926 మే 10న మొదలైనప్పుడు వారానికి రెండుసార్లు వచ్చేది. దాన్ని ద్వైవారపత్రిక అంటే రెండు వారాలకోసారి అనుకునేవాళ్ళున్నారు. అలా వస్తే పక్షపత్రిక అవుతుంది. ‘అర్ధవార’ అంటే ఈ తంటా లేదు. గోలకొండ పత్రిక దినపత్రిక అయింది 1947లో. అప్పటికే అడివి బాపిరాజు గారి సంపాదకత్వంలో తెలుగు మీజాన్ వచ్చింది. అదే పేరుతో ఉర్దూ, ఇంగ్లీషు పత్రికలూ ఉండేవి. మీజాన్ అంటే త్రాసు, ఉర్దూ లెక్కల్లో ‘మొత్తం’ కూడా. పత్రికకు ఇంతకంటే మంచి పేరు దొరకదేమో.

ఇంకొకరు: మా ఇంట్ల ‘దినాలు’ అంటే పోయినోళ్ళకు చేసేవే. అందుకే నానమ్మ ముందర దినపత్రిక అనకపోయేది, ఉత్త పేపరే. సాయంత్రం వచ్చేదాన్ని ‘మాపటి పేపర్’ అనేది.

జవాబు: మాపటి పేపర్! సంధ్యాపత్రిక కన్నా ఇదే నయమమ్మా. కోస్తావాళ్ళకు మాపు అంటే రాత్రి అనిపిస్తుందేమో గానీ, మనకు పొద్దు వాలితే మాపే.