పొడుగు వరండాలో మా రోబో దారి తప్పుతోంది, ఏం చెయ్యాలి?

తిరుపతిలో ఎంటెక్ చేస్తున్నా. ప్రాజెక్టుకి తనంతట తనే తిరిగే రోబో కట్టాం: రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్), ఆర్‌పీలైడార్ ఏ1 (లేజర్‌తో చుట్టూ దూరాలు కొలిచే సెన్సర్), ఆర్‌ఓఎస్ 2 (రోబో సాఫ్ట్‌వేర్), స్లామ్ టూల్‌బాక్స్ (మ్యాపు గీస్తూనే అందులో రోబో ఎక్కడుందో లెక్కగట్టే ప్రోగ్రామ్). ల్యాబ్‌లో మ్యాపు చక్కగా వస్తుంది. వరండాలోకి వెళ్లిందా, అంతే సంగతులు! రెండువైపులా ఒకేలాంటి నున్నటి గోడలు కావడంతో ముందుకు కదిలినట్టే లైడార్‌కి తెలియడం లేదు. 30 మీటర్ల వరండా మ్యాపులో 22 మీటర్లే. పైగా గ్రానైట్ నేల. తడిగుడ్డ పెట్టిన పూట చక్రాలు జారి, అవి ఎంత తిరిగాయో కొలిచే ఎన్‌కోడర్ లెక్కా తప్పుతోంది. వాచ్‌మన్ అన్న చూసి ఒకటే నవ్వు.

ఐఎంయూ (తిరుగుడు, వేగంలో మార్పు పసిగట్టే సెన్సర్) కలిపి, ఈకేఎఫ్ (సెన్సర్ల లెక్కలన్నీ కలిపి ఒక అంచనా ఇచ్చే ఫిల్టర్) పెడితే మలుపుల్లో కోణం కుదిరింది, పొడవు కుదరలేదు. గోడల వెంట అట్టపెట్టెలు పెడితే బాగానే వస్తోంది గానీ, అది మోసమే కదా! కెమెరా ఓడోమెట్రీని (కెమెరా బొమ్మలను బట్టి ఎంత కదిలిందో లెక్కగట్టడం) పై 4 తట్టుకుంటుందా, లేక గోడకి ఏప్రిల్‌ట్యాగులు (కెమెరా గుర్తుపట్టే, క్యూఆర్ కోడ్ లాంటి గుర్తులు) అంటించడమే మేలా? చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండన్నా.