అప్‌డేట్: గ్లాస్గోలో చీకటి ఉదయాలు, మొత్తానికి మెలకువ వస్తోంది

డిసెంబర్‌లో ఇక్కడ స్కాట్లాండ్‌లో పొద్దు పొడిచేసరికి 8:45 అవుతోందని, నేనేమో 6:30కి లేవలేక నానా అవస్థ పడుతున్నానని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

పనిచేసింది సన్‌రైజ్ ల్యాంపే, అంటే తెల్లవారుతున్నట్టు మెల్లగా వెలుగు పెంచే దీపం. మొదటి వారం దాన్ని బీరువా మీద పెట్టాను, ఏ ప్రయోజనమూ లేదు. మీలో ఒకరు చెప్పినట్టు మంచం పక్కకి, ముఖానికి చేతికందే దూరంలోకి మార్చాక తేడా తెలిసింది. 6:00కి నిప్పుకణికలా సన్నగా ఎర్రగా మొదలై, అరగంటలో గది అంతా పసుపు వెలుగు నిండుతుంది. ఇప్పుడు చాలా రోజులు అలారం మోగకముందే కళ్లు తెరుచుకుంటున్నాయి. నిజంగా ప్రాణం లేచొచ్చింది!

లేచాక కాఫీ తాగుతూ 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుగు తీవ్రతకి కొలత) లైటు ముందు అరగంట కూర్చుంటున్నాను. దాన్ని సూటిగా చూడకూడదు, కాస్త పక్కగా పెట్టుకోవాలి. పగటి మత్తు తగ్గింది దీనివల్లే అనుకుంటున్నా.

కర్టెన్లు తీసి పడుకోవడం దండగ, బయటే చీకటి కదా. అలారం ట్యూన్ మార్చినా ఒరిగిందేం లేదు. డాక్టర్ రక్తపరీక్షలో విటమిన్ డి తక్కువుందన్నారు, మాత్రలు వేసుకుంటున్నాను. కానీ ఈ లైట్లు విటమిన్ డి ఇవ్వవట, అది వేరే సంగతి.