బీఏసీలో ఎవరుంటారు, అక్కడ తేల్చిందే ఫైనలా?

ఆమదాలవలస కుర్రాడు: గ్రూప్-2కి చదువుతున్నాను. లోక్‌సభలో ఏ బిల్లుకు ఎన్ని గంటలో సభా వ్యవహారాల సలహా సంఘం, అదే బీఏసీ, తేలుస్తుందని పుస్తకంలో ఒక్క ముక్క రాసి వదిలేశారు. సభ్యుల్ని ఎన్నుకుంటారా, ఎవరైనా వేస్తారా? శ్రీకాకుళం లైబ్రరీలో అడిగితే తలో మాట.

పొందూరు మాస్టారు: ఎన్నిక లేదు తమ్ముడూ. స్పీకరే నియమిస్తారు, తనతో కలిపి 15 మందికి మించరు, అధ్యక్షత కూడా స్పీకర్‌దే. రాజ్యసభలో 11 మంది. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే ప్రజా పద్దుల సంఘం, అదే పీఏసీతో కలిపేయకు, దానికి ఎన్నిక ఉంటుంది, పరీక్షలో అక్కడే దెబ్బ కొడతారు.

టెక్కలి బుల్లోడు: అయితే స్పీకర్ పార్టీకే టైమంతా కదా మాస్టారూ?

పొందూరు మాస్టారు: అంత తేలిక కాదులే. ప్రతిపక్షం వాళ్లనూ వేస్తారు, చోటు దొరకని చిన్న పార్టీల వాళ్లను ప్రత్యేక ఆహ్వానితులుగా పిలుస్తారు, లోపల ఓటింగ్ దాకా పోకుండా మాటల మీదే ఒప్పించుకోవడం అలవాటు. ఆ రిపోర్టు సభ ముందు పెట్టి, ఒప్పుకుంటూ తీర్మానం చేశాకే గంటలు ఖరారు. ఆ తర్వాత గొడవై సభ వాయిదా పడిందా, ఆ గంటలు కాగితం మీదే! మన అసెంబ్లీలోనూ బీఏసీకి స్పీకరే పెద్ద. 1999 నుంచి 2004 దాకా ఆ కుర్చీలో ఉన్న ప్రతిభా భారతి గారు మన జిల్లా ఆవిడే.

ఆమదాలవలస కుర్రాడు: థాంక్స్ మాస్టారూ. మంత్రులు కాని సభ్యులు పెట్టే ప్రైవేటు మెంబర్ల బిల్లులకూ ఇదేనా?

పొందూరు మాస్టారు: లోక్‌సభలో వాటికి వేరే కమిటీ ఉంది.