ఉపాధి హామీకి ఏడాది మధ్యలో పెరిగిన కేటాయింపు లెక్క ఏ పత్రంలో ఉంటుంది?

2023-24 కేంద్ర బడ్జెట్‌లో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకానికి రూ.60,000 కోట్లు కేటాయించగా, 2024 ఫిబ్రవరి నాటి సవరించిన అంచనాల్లో అది రూ.86,000 కోట్లకు చేరింది. పెరిగిన రూ.26,000 కోట్లలో 2023 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన మొదటి విడత అనుబంధ పద్దుల (బడ్జెట్ తర్వాత అదనపు ఖర్చుకు అనుమతి కోరే పత్రాల) వాటా ఎంతో, ఫిబ్రవరి విడత వాటా ఎంతో విడదీయలేకపోతున్నాను. బడ్జెట్‌తో ఇచ్చే పథకాలవారీ వ్యయ పట్టికలో ఆరంభ అంకె, సవరించిన అంకె తప్ప మధ్యలో ఏమీ లేదు. గ్రామీణాభివృద్ధి శాఖ పద్దు తెరిస్తే, ఉపాధి హామీ నిధికి బదిలీ ఒక వరుసలో, ఆ నిధి నుంచి చేసే ఖర్చు మరో వరుసలో, ఒకే ఖర్చు రెండుసార్లు లెక్కకు రాకుండా తీసివేసే మినహాయింపు ఇంకో వరుసలో ఉన్నాయి. రెండుసార్లు కూడేశానేమోనని నా కూడికపై నాకే అనుమానం. కేంద్ర ప్రభుత్వ ఖాతాలు చూసే కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్ నెలవారీ లెక్కలు చూశాను గానీ, అందులో వ్యయం శాఖల వారీగానే ఉంది. మినహాయింపులు పోను, ఒక్కో విడతలో ఈ పథకానికి నికరంగా ఎంత అదనంగా మంజూరైందో తెలియాలంటే ఏ పత్రంలో ఏ వరుస చూడాలి?