దావాలో దాఖలు చేసే కాగితాలకు నంబర్లు మనమే వేయవచ్చా?

ప్రశ్న (బొబ్బిలి నుండి):
మా నాన్నగారి భూమి విషయమై భాగపంపిణీ దావా వేయవలసి వచ్చింది. 1968 నాటి క్రయ దస్తావేజు, నలభై దాకా శిస్తు రసీదులు, అడంగల్ (గ్రామ భూమి, సాగు వివరాల రికార్డు) నకళ్లు, మా అన్నయ్య పంపిన వాట్సాప్ సందేశాలు నా దగ్గర ఉన్నాయి. అన్నీ వరుసగా సర్ది తెమ్మని వకీలు గారు చెప్పారు. వాటి మీద ఏ-1, ఏ-2 అని ఎర్ర సిరాతో నేనే వేసుకోవచ్చా? దస్తావేజులో మా ఊరు శ్రీకాకుళం జిల్లా అని, కొన్ని రసీదులలో విజయనగరం జిల్లా అని ఉంది. జాబితాలో ఏది రాయాలి?

జవాబు (శ్రీకాకుళం, వకీలు గుమాస్తా):
అసలు కాగితాల మీద దయచేసి ఏమీ రాయకండి. ఏ-1 అనేది, సాక్షి ద్వారా వచ్చిన కాగితాన్ని సాక్ష్యంగా స్వీకరించినప్పుడు కోర్టు వేసే గుర్తు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ ఆర్డరు 4వ రూలు ప్రకారం దావా నంబరు, శీర్షిక, దాఖలు చేసినవారి పేరు, దాఖలైన తేదీ, స్వీకరించిన సంగతి ఆ కాగితం మీదనే రాసి, న్యాయమూర్తి సంతకం చేస్తారు. వాది కాగితాలకు ఏ, ప్రతివాది కాగితాలకు బీ అక్షరాలు వాడతారు. మీరు ముందుగా ఏ-7 అని వేసిన రసీదు విచారణలో ఏ-12గా మార్కు అయితే, రేపు అప్పీలులో తీర్పును, కాగితాలను పక్కపక్కన పెట్టుకొని చదివేవారికి ఏది ఏదో తెలియక చిక్కు వస్తుంది.

మీరు చేయవలసింది జాబితా. వరుస నంబరు, కాగితం తేదీ, ఎవరు ఎవరికి రాసినది, అసలా లేక ధృవీకరించిన నకలా అన్నది అందులో ఉండాలి. ఒక్కొక్క కాగితాన్ని ఒక్కొక్క పారదర్శక కవరులో పెట్టి, జాబితాలోని నంబరును చిన్న చీటీ మీద రాసి కవరుకు అంటించండి. పాత స్టాంపు కాగితానికి రంధ్రాలు చేయడం, పిన్నులు గుచ్చడం ఎంతమాత్రం వద్దు. అంచున ఉన్న వేలిముద్ర ఒక్కటి పోయినా తిరిగి రాదు. రసీదులను ఒకే కట్టగా ఒక నంబరు కింద చూపడం కొందరికి అలవాటు. నాకు అది నచ్చదు, ఎందుకంటే క్రాస్ పరీక్షలో ఎదుటి పక్షం వకీలు ఏ సంవత్సరపు రసీదు అని అడిగినప్పుడు సాక్షి తడబడతాడు. తేదీల వరుసలో విడివిడిగా చూపండి.

జవాబు (విజయనగరం, న్యాయవాది):
గుమాస్తా గారు చెప్పినది సరైనది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతకు ముందు బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. కనుక జాబితాలో కాగితంలో ఉన్నది ఉన్నట్లే రాసి, దావాలో ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో ఇప్పటి జిల్లా పేరు ఇవ్వండి. జాబితాలో చేర్చకుండా వదిలిన కాగితాన్ని తరువాత తేవాలంటే 7వ ఆర్డరు 14వ రూలు కింద కోర్టు అనుమతి కావాలి. వాట్సాప్ సందేశాల ప్రింటుకు, 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను కింద సర్టిఫికెట్టు జతచేయాలి. సందేశాలు తొలగించకుండా ఆ ఫోనును భద్రంగా ఉంచండి. కాగితానికి నంబరు పడినంత మాత్రాన అందులోని విషయం రుజువైనట్లు కాదు.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండీ. రెండు రసీదులలో తేదీ చెరిగిపోయింది. వాటిని ఎక్కడ చేర్చాలి?

జవాబు (వకీలు గుమాస్తా):
ఊహించి తేదీ వేయకండి. తేదీ కనబడుటలేదని రాసి, రసీదు నంబరు, పట్టా నంబరు కనబడితే వాటిని ఇచ్చి, రసీదుల వరుసలో చివర ఉంచండి.