రాక్షసుల లవ్‌స్టోరీల్లో మీకు ఎవరి మీద జాలేసింది?

ఎంవీపీ_మావయ్య: రాత్రి బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ (1935) మళ్ళీ చూసేను. అంత మేకప్ వేసుకుని కూడా రాక్షసుడి వేషంలో బోరిస్ కార్లాఫ్ ఏడిపించేసేడండీ. తోడు కావాలని పట్టుబట్టి చేయించుకుంటే ఆ పిల్ల వీడ్ని చూసి కెవ్వుమంటుంది, అప్పుడు కూడా వాడు ఆమె చెయ్యి మెల్లగా నిమురుతా ఉంటాడు, అక్కడ నా వల్ల కాలేదు. మీకు ఏ సినిమాకి అలాగైంది?

వన్‌టౌన్_పిల్ల: జాలి సరే గానీ అంకుల్, ఆ పిల్లని ఎవరైనా ఒక మాట అడిగేరేటి? ప్రాణం వచ్చి పట్టుమని పది నిమిషాలు కాలేదు, అప్పుడే పెళ్ళికూతురైపోయింది. ఎల్సా లాంచెస్టర్‌కి ఆ పెళ్ళికూతురి వేషంలో ఒక్క డైలాగ్ లేదు, అరుపులూ బుసలే. ఆ బుసలు హంసల్ని చూసి పట్టేనని ఆవిడే చెప్పింది.

భీమిలి_రాజు: ఫ్రాంకెన్‌స్టైన్ నవల (1818) చదివితే ఇంకా మజాగా ఉంటాదమ్మా. అందులో రాక్షసుణ్ణి తయారు చేసిన విక్టర్ ఆడ బొమ్మని సగం చేసి చింపేస్తాడు. వాడి భయాల్లో ఒకటేంటంటే, తను పుట్టకముందు వీళ్ళిద్దరూ చేసుకున్న ఒప్పందానికి ఆ పిల్ల నేను ఒప్పుకోనంటేనో అని. మేరీ షెల్లీ అప్పుడే ఆలోచించేసింది.

జగదాంబ_బాల్కనీ: మరి డ్రాక్యులా? 1992 కొప్పొలా సినిమా చూసి ఆహా ఏం ప్రేమ, చచ్చిపోయిన పెళ్ళాం కోసం నాలుగొందలేళ్ళు ఆగేడు అనుకుని స్టోకర్ నవల (1897) కొన్నాను, అందులో ప్రేమా లేదు దోమా లేదు, రక్తం తాగడమే 😂

ఏయూ_రంగులు: బొమ్మల్లో అయితే నార్వే చిత్రకారుడు మంక్ గీసిన వాంపైర్ చూడండి. మగాడు ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాడు, ఎర్ర జుట్టు వాడి మీదంతా పడి ఉంటాది. ఆయన పెట్టిన పేరు మాత్రం ప్రేమ, బాధ. వాంపైర్ అన్న పేరు తెలీకపోతే ఓదారుస్తోందనే అనుకుంటాం, నాకైతే ఇప్పటికీ ఓదార్పే.

భీమిలి_రాజు: మనోళ్ళలో చంద్రముఖి (2005) కూడా అంతే కదా. అందరికీ లకలకే గుర్తుంటాది గానీ, ప్రేమించినోడి తల నరికి ఆమెని బతికుండగా తగలబెట్టింది ఆ రాజు. దెయ్యం ముద్ర మాత్రం ఆమెకి.

వన్‌టౌన్_పిల్ల: అందుకే నాకు షేప్ ఆఫ్ వాటర్ (2017) ఇష్టం. దాని డైరెక్టర్ డెల్ టోరో చిన్నప్పుడు క్రియేచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్ (1954) చూసి అందులో నీళ్ళల్లో ఉండే రాక్షసుడూ అమ్మాయీ కలిస్తే బాగుణ్ణనుకున్నాడంట. పాత దాంట్లో అమ్మాయి పైన ఈదుతుంటే అది కింద, అదే తీరుగా వెల్లకిలా ఈదుతాది, ఆమెకి తెలీనే తెలీదు. కొత్త దాంట్లో అమ్మాయే ముందు దగ్గరికెళ్ళి కోడిగుడ్డు పెడుతుంది.

జగదాంబ_బాల్కనీ: ఆస్కార్ కూడా కొట్టింది, బెస్ట్ పిక్చర్. నాకు కొంచెం స్లో అనిపించింది మరి.

ఎంవీపీ_మావయ్య: అలా లెక్కేస్తే కింగ్ కాంగ్ (1933) ఇంకా ఘోరం తల్లీ. విమానాలతో కాల్చి పడేసి, చివర్లో అందమే చంపేసిందని అమ్మాయి మీదికి తోసేస్తారు. 2005 దాంట్లో అయితే ఇద్దరూ మంచు మీద జారి ఆడుకుంటారు, ఆ సీన్‌కి మా ఆవిడ నాకంటే ముందే కొంగు తీసింది.