హాంకాంగ్ నుంచి ఎయిర్‌సాఫ్ట్ గన్ ఆర్డర్ చేశాను, కస్టమ్స్‌లో ఆపేస్తారా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మొన్న రాత్రి హాంకాంగ్ సైట్‌లో ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్ (ఆటలో చిన్న ప్లాస్టిక్ గుండ్లు కొట్టే తుపాకీ) ఒకటి ఆర్డర్ పెట్టేశాను, డబ్బులు కూడా కట్టేశాను, ఇంకా పంపలేదు కాబట్టి రేపటి లోపు క్యాన్సిల్ చేసుకోవచ్చట. తర్వాత చదివితే టెన్షన్ మొదలైంది.

2016 ఆయుధాల నిబంధనల ప్రకారం ఎయిర్ గన్ శక్తి 20 జౌల్స్ దాటినా, గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్ల కంటే పెద్దదైనా లైసెన్స్ కావాలి. నాది సుమారు 1 జౌల్, కొట్టేది ప్లాస్టిక్ గుండ్లే, కానీ ఆ గుండు సైజు 6 మిల్లీమీటర్లు! మరి గొట్టం లెక్కలో ఇది లైసెన్స్ కిందకి వస్తుందా? పైగా చూడ్డానికి అచ్చం అసలు తుపాకీలా ఉంటుంది, అదే నా అసలు భయం, ఎందుకంటే స్కానింగ్‌లో చూసేవాళ్లకి అది బొమ్మో నిజమో తెలియదు కదా. బొమ్మ అని రాసి పంపుతామని అమ్మేవాళ్లు అంటున్నారు, అది నాకు అస్సలు నచ్చలేదు, అబద్ధం రాయిస్తే రేపు సమాధానం చెప్పాల్సింది నేనే.

విజయవాడ, గుంటూరు వైపు ఎవరైనా ఇలా తెప్పించుకున్నారా? కొరియర్ వాళ్లు ఆధార్, పాన్ కాకుండా ఇంకేం కాగితాలు అడిగారు? పార్సిల్ ఆపితే నోటీసు ఇంటికి వస్తుందా, వెనక్కి పంపించమని అడగొచ్చా? స్వయంగా అనుభవం ఉన్నవాళ్లు దయచేసి ఈ రాత్రికే చెప్పండి.